చార్టర్ స్కూలా, డిస్ట్రిక్ట్ స్కూలా? డబ్బు లెక్క కూడా చూసి తేల్చుకోండి

ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే అమెరికాలోని మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది: "చార్టర్ లాటరీలో బాబుకి సీటొచ్చింది, తీసుకోమంటారా?" జవాబులు కూడా దాదాపు తెలిసినవే. ఒకరు రేటింగ్ పదికి తొమ్మిదంటారు. ఒకరు హోంవర్క్ ఎక్కువంటారు. ఇంకొకరు మా అక్క పిల్లలు అక్కడే చదివారంటారు. డబ్బు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎలాగూ రెండు చోట్లా ఫీజు లేదు కదా అనుకుంటాం.

ఫీజు లేని మాట నిజమే. కానీ మీ పిల్ల మారినప్పుడు ఆ సీటు తాలూకు ప్రభుత్వ డబ్బు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తుంది. పాత స్కూల్లో ఎంత లోటు మిగులుతుంది, దాన్ని ఎవరు పూడుస్తారు అన్నది మీరుండే రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. దీన్ని బట్టే మూడు నాలుగేళ్ల తర్వాత మీ వీధి చివర స్కూలు ఉంటుందా, రెండో పిల్ల క్లాసులో ఎంతమంది ఉంటారు, బాండ్ ఎన్నికలో (బడి భవనాల కోసం అప్పు చేయాలా అని పెట్టే ఓటింగ్) మీ పన్ను పెంచమని అడుగుతారా అన్నవి తేలతాయి. ఏ స్కూలు మంచిదో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ఈ లెక్క దగ్గరే ఎక్కువ సేపు ఆగుతాను.

ముందు చార్టర్ అంటే ఏంటో రెండు ముక్కల్లో

మన ఊళ్లలో ఎయిడెడ్ స్కూళ్లు చూసినవాళ్లకి ఇది తేలిగ్గా తెలుస్తుంది. యాజమాన్యం బయటివాళ్లది, డబ్బు సర్కారుది. చార్టర్ కూడా ఇంచుమించు అంతే. ఫీజు తీసుకోకూడదు, ప్రవేశ పరీక్ష పెట్టి ఏరుకోకూడదు, సీట్ల కంటే అప్లికేషన్లు ఎక్కువైతే లాటరీ తీయాలి. 1991లో మిన్నెసోటా మొదటి చట్టం చేసింది, ఆ మరుసటి ఏడాది సెయింట్ పాల్‌లో మొదటి స్కూలు తెరిచారు. ఇవాళ నలభైకి పైగా రాష్ట్రాల్లో ఉన్నాయి, 35 లక్షల మందికి పైగా పిల్లలు చదువుతున్నారు.

డిస్ట్రిక్ట్ అంటే ఊరి ప్రభుత్వ బడులన్నిటినీ నడిపే స్థానిక సంస్థ. దానికీ చార్టర్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. డిస్ట్రిక్ట్‌కి ఎన్నికైన బోర్డు ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో పన్ను వేసే అధికారం కూడా ఉంటుంది. దాని హద్దుల్లో ఉండే ఏ పిల్ల ఏ రోజు వచ్చి నిలబడినా చేర్చుకుని తీరాలి, అది నవంబరు మధ్యలో అయినా సరే. చార్టర్ అయితే ఇన్ని సీట్లే, ఈ తరగతి నుంచే చేర్చుకుంటాం అని గీత గీసుకోవచ్చు. పన్ను వేసే అధికారం మాత్రం దానికి లేదు.

పిల్ల వెళ్తే డబ్బు వెళ్తుంది, ఖర్చు అక్కడే ఉంటుంది

టెక్సస్‌లో ఒక ఎలిమెంటరీ స్కూలు ఊహించుకుందాం. కిండర్ నుంచి ఐదో తరగతి దాకా 600 మంది. తరగతికి వందమంది, ఐదేసి సెక్షన్లు, సెక్షన్‌కి 20 మంది. మూడు మైళ్ల దూరంలో కొత్త చార్టర్ తెరిచారు, ఇక్కడి నుంచి 40 మంది వెళ్లారు.

టెక్సస్‌లో ఒక్కో పిల్లకి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయింది, 2025లో శాసనసభ దాన్ని 55 డాలర్లు పెంచి 6,215 చేసింది. దీనిపైన స్పెషల్ ఎడ్ (వైకల్యం ఉన్న పిల్లలకిచ్చే ప్రత్యేక బోధన), ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలు, పేద పిల్లలు అంటూ అదనాలు ఉంటాయి, వాటిని పక్కన పెడదాం. పిల్లలు రోజూ హాజరైనట్టే వేసుకుంటే 40 మందికి 2,48,600 డాలర్లు. ముగ్గురు నలుగురు టీచర్ల జీతం అది.

మరి ముగ్గురు టీచర్లని తగ్గించుకోవచ్చు కదా అంటే, కుదరదు. ఆ 40 మంది ఒకే క్లాసు నుంచి వెళ్లలేదు. తరగతికి ఆరేడుగురు వెళ్లారు, అంటే సెక్షన్‌కి ఒకరో ఇద్దరో. 20 మంది ఉన్న గదిలో ఇప్పుడు 18, 19 మంది ఉన్నారు. వందమంది ఉండే రెండో తరగతిలో 93 మంది మిగిలారు. ఐదు సెక్షన్లని నాలుగు చేద్దామంటే ఒక్కోదాంట్లో 23 మంది అవుతారు. కిండర్ నుంచి నాలుగో తరగతి దాకా సెక్షన్‌కి 22 మందికి మించకూడదని టెక్సస్ రూలు, మించాలంటే రాష్ట్రం దగ్గర మినహాయింపు తెచ్చుకోవాలి. కాబట్టి ఐదుగురు టీచర్లూ ఉండాల్సిందే. ప్రిన్సిపల్, నర్సు ఒక్కొక్కరే, వాళ్లని సగం చేయలేరు. బస్సు అవే వీధులు తిరగాలి, ఏసీ అన్ని గదులకీ నడవాలి. వెళ్లిన డబ్బు మొత్తం వెంటనే లోటు, తగ్గిన ఖర్చు మాత్రం పుస్తకాలు, భోజనాల దగ్గర కొంచెం.

అప్పుడు కోత ఎక్కడ పడుతుంది? పట్టుకోవడానికి వీలున్న చోట. లైబ్రేరియన్‌ని రెండు స్కూళ్లకి పంచుతారు. ఆర్కెస్ట్రా ఒక ఏడాది ఆలస్యంగా మొదలవుతుంది. రీడింగ్ సాయం చేసే ఇంటర్వెన్షనిస్టు పోస్టు ఖాళీ అయితే నింపరు. మన పిల్లల విషయంలో మొదట తెలిసేది గిఫ్టెడ్ ప్రోగ్రామ్ దగ్గర: వారానికి ఐదు రోజులు ఉండే టీచర్ రెండు రోజులే వస్తారు.

ఇదే శాశ్వతం అని చెప్పడం కూడా సరికాదు. ఐదారేళ్లలో డిస్ట్రిక్ట్ జోన్లు మార్చి, రిటైరయ్యే టీచర్ల స్థానాలు వదిలేసి, అవసరమైతే ఒక స్కూలు మూసి ఖర్చుని పిల్లల సంఖ్యకి తగ్గట్టు తెచ్చుకోగలదు. గొడవంతా ఆ మధ్యలో ఐదారేళ్ల గురించే. ఆ కాలంలో నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్న దగ్గరే ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి పట్టింది.

టెక్సస్: రాష్ట్రమే ఇస్తుంది, కానీ మీ పన్ను తగ్గదు

టెక్సస్ చట్టం 1995ది. ఇక్కడ చార్టర్‌కి డబ్బు నేరుగా రాష్ట్రం నుంచి వస్తుంది, డిస్ట్రిక్ట్ చెక్కు రాసి ఇవ్వదు. అందుకే చార్టర్ వాళ్లు "మేం డిస్ట్రిక్ట్ డబ్బు ముట్టుకోవడం లేదు" అంటారు. కాగితం మీద అది నిజమే. కానీ డిస్ట్రిక్ట్‌కి రావలసింది హాజరుని బట్టి లెక్కగడతారు కాబట్టి, పిల్ల వెళ్లగానే ఆ లెక్క తగ్గుతుంది.

ఇందులో ఇంటి యజమానులు గమనించని మెలిక ఇంకోటుంది. ప్లేనో లాంటి ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టులు స్థానిక పన్నులో తమకి రావలసిన లెక్కకి మించిన భాగాన్ని రాష్ట్రానికి కట్టేయాలి. దీన్ని రీకాప్చర్ అంటారు, జనం నోట్లో రాబిన్ హుడ్. 1993 నుంచి ఉంది. పిల్లలు తగ్గితే డిస్ట్రిక్ట్‌కి రావలసిన లెక్క తగ్గుతుంది, పన్ను వసూలు మాత్రం ఇంటి విలువ మీద అలాగే ఉంటుంది. తేడా రాష్ట్రానికి పోతుంది. మీ పిల్ల చార్టర్‌కి వెళ్లినా మీ బిల్లులో స్కూలు పన్ను ఒక్క డాలరు తగ్గదు, అందులో మీ ఊరి స్కూళ్లకి మిగిలేది తగ్గుతుంది. పైగా పాత బాండ్ల అప్పు తీర్చే పన్ను వేరుగా ఉంటుంది. కట్టిన బిల్డింగ్ నిండినా నిండకపోయినా ఆ వాయిదా కట్టాల్సిందే.

చార్టర్ వైపు నుంచి చూస్తే వాళ్ల ఫిర్యాదూ న్యాయమైనదే. జనం పన్నుతో తీర్చే బాండ్ వేసి బిల్డింగ్ కట్టుకునే వీలు వాళ్లకి లేదు. రాష్ట్రమంతటి చార్టర్లకీ కలిపి బిల్డింగుల కోసం 2017లో ఏడాదికి 6 కోట్ల డాలర్లు కేటాయించడం మొదలుపెట్టారు, అంతకుముందు అదీ లేదు. అయితే రోజువారీ నడిపే ఖర్చు వైపు చిన్న, మధ్య తరహా డిస్ట్రిక్టులకిచ్చే అదనం సగటున చార్టర్లకీ అందుతుంది. ఆ అదనం పెద్ద డిస్ట్రిక్ట్‌కి రాదు. అందుకే "ఎవరికి ఎక్కువ ఇస్తున్నారు" అని ఎవరైనా వాదిస్తే ముందు బిల్డింగ్ డబ్బు కలిపారా, కలపలేదా అని అడగండి. కలిపితే ఒక జవాబు, కలపకపోతే ఇంకో జవాబు వస్తుంది. రెండు వర్గాలూ తమకి నచ్చిన లెక్కే చూపిస్తాయి.

ఇంకోటి, ఉన్న చార్టర్ సంస్థ కొత్త క్యాంపస్ పెట్టాలంటే రాష్ట్ర ఎడ్యుకేషన్ కమిషనర్ ఒప్పుకుంటే చాలు. మీ ఊరి స్కూల్ బోర్డుకి అందులో ఓటు లేదు.

ప్లేనో 2024లో నాలుగు స్కూళ్లు మూయాలని నిర్ణయించినప్పుడు మన గ్రూపుల్లో చాలామంది నేరం చార్టర్ల మీదే వేశారు. అది సగం కూడా నిజం కాదు. పాత కాలనీల్లో పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు, ఇళ్ల ధరలు చిన్న పిల్లలున్న జంటలకి అందడం లేదు, పుట్టే పిల్లలే తగ్గారు. కాలిఫోర్నియాలో కూపర్టినో సంగతీ అంతే: రెగ్నార్ట్, మేయర్‌హోల్జ్ ఎలిమెంటరీలు 2022లో మూతపడటానికి కారణం ఇళ్ల ధరలు. చార్టర్ అప్పటికే పల్చబడిన డిస్ట్రిక్ట్ మీద ఇంకో బరువు వేస్తుంది. కొత్త ఇళ్లు లేస్తున్న ఊళ్లో అయితే వెళ్లిన 40 సీట్లు ఎండాకాలం సెలవులు అయ్యేలోపే నిండిపోతాయి, ఎవరికీ తెలియదు కూడా. కాబట్టి ఎంపిక చేసేముందు చూడాల్సిన మొదటి అంకె మీ డిస్ట్రిక్ట్‌లో పిల్లల సంఖ్య ఐదేళ్లుగా పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది. స్కూలు రేటింగ్ తర్వాత చూడొచ్చు.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా: డిస్ట్రిక్ట్ చేతి నుంచే చెక్కు

ఇక్కడ బాధ సూటిగా తగులుతుంది. న్యూజెర్సీలో రాష్ట్ర సాయం, స్థానిక పన్ను కలిపి తలకి లెక్కగట్టి అందులో 90 శాతం డిస్ట్రిక్ట్ తన బడ్జెట్‌లో నుంచి చార్టర్‌కి పంపాలి. అనుమతిచ్చేది రాష్ట్ర కమిషనర్, కట్టేది ఊరు. మరోపక్క 2010 చట్టం ప్రకారం ఏడాదికి పన్ను వసూలు 2 శాతానికి మించి పెంచాలంటే జనం ఓటు కావాలి, కొన్ని మినహాయింపులు తప్ప. ఒక చేత్తో ఇవ్వమంటారు, రెండో చెయ్యి కట్టేస్తారు. 2017లో ప్రిన్స్‌టన్ చార్టర్ స్కూలు 76 సీట్లు పెంచుకోవడానికి అనుమతి తెచ్చుకుంటే, ఏటా పది లక్షల డాలర్లకి పైగా పోతుందని డిస్ట్రిక్ట్ పోరాడింది. అది డబ్బున్న ఊరే. అయినా ఊరు రెండుగా చీలి వాదించుకుంది. ప్లెయిన్స్‌బరో, సౌత్ బ్రన్స్‌విక్, ఎడిసన్ వైపు ఉండే మనవాళ్లకి ఈ లెక్క దగ్గరిదే.

పెన్సిల్వేనియా ఇంకా కష్టం. అక్కడ చార్టర్‌కి కట్టే ట్యూషన్ ఆ స్కూలు ఖర్చుని బట్టి ఉండదు, పిల్ల వచ్చిన డిస్ట్రిక్ట్ ఖర్చుని బట్టి ఉంటుంది. ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి రెండు వేర్వేరు ధరలు. కంప్యూటర్ ముందు ఇంట్లో కూర్చుని చదివే సైబర్ చార్టర్‌కీ బిల్డింగ్ ఉన్న చార్టర్ లెక్కనే ఏళ్లతరబడి కట్టారు. స్పెషల్ ఎడ్ పిల్లకి అయితే అవసరం చిన్నదా పెద్దదా అని చూడకుండా ఒకే రేటు. మాట తడబడే పిల్లకీ, రోజంతా తోడు ఉండాల్సిన ఆటిజం పిల్లకీ ఒకే మొత్తం. సహజంగానే తక్కువ ఖర్చయ్యే పిల్లలు అటు, ఎక్కువ ఖర్చయ్యేవాళ్లు ఇటు మిగులుతారు. ఫిలడెల్ఫియా పక్కన చెస్టర్ అప్‌ల్యాండ్ అనే పేద డిస్ట్రిక్ట్‌లో ఈ రేటు ఒక దశలో పిల్లకి 40 వేల డాలర్ల దాకా వెళ్లింది. 2015 ఆగస్టులో అక్కడి టీచర్లు, సిబ్బంది జీతం రాకపోయినా స్కూలు తెరుస్తామని ఓటు వేసి పనిలోకి వచ్చారు. అంతకుముందు 2012లోనూ అదే పరిస్థితి. డిస్ట్రిక్ట్ పాలనలో తప్పులు లేవని కాదు, చాలానే ఉన్నాయి. కానీ ఆ ఫార్ములా అక్కడ నెత్తిన బండలా పడింది.

మిగతా రాష్ట్రాలు త్వరగా

కాలిఫోర్నియాలో స్థానిక ఆస్తిపన్నులో వాటా డిస్ట్రిక్ట్ ద్వారానే చార్టర్‌కి వెళ్తుంది, బడి నడపడానికి చోటు ఇమ్మని చార్టర్ అడిగితే 2000లో జనం ఓటుతో పాసైన ప్రాప్ 39 (ప్రొపొజిషన్ 39) ప్రకారం డిస్ట్రిక్ట్ ఇవ్వాలి. ఓక్లాండ్‌కి చార్టర్ల వల్ల ఏటా 5.73 కోట్ల డాలర్ల నికర భారం పడుతోందని 2018లో గోర్డన్ లేఫర్ అనే ప్రొఫెసర్ లెక్కగట్టారు. శాన్ హోసేలోని ఈస్ట్ సైడ్ యూనియన్ హైస్కూల్ డిస్ట్రిక్ట్‌కి 1.93 కోట్లు అన్నారు. చార్టర్ సంఘాలు ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. అయినా ఆ మరుసటి ఏడాదే రాష్ట్రం చట్టం మార్చి, కొత్త చార్టర్‌కి అనుమతిచ్చేటప్పుడు డిస్ట్రిక్ట్ తన ఆర్థిక పరిస్థితి కూడా చూసుకోవచ్చని రాసింది.

మసాచుసెట్స్ దారి నాకు అన్నిటికంటే నచ్చుతుంది. పిల్ల వెళ్లడం వల్ల పెరిగిన చెల్లింపుని రాష్ట్రం మొదటి ఏడాది పూర్తిగా, రెండో ఏడాది 60 శాతం, మూడో ఏడాది 40 శాతం డిస్ట్రిక్ట్‌కి తిరిగి ఇవ్వాలని 2019 చట్టం. పైన చెప్పిన ఆ మధ్యకాలం బాధకి ఇదే సరైన మందు. అదీ కాక ఒక డిస్ట్రిక్ట్ ఖర్చులో ఇంత శాతానికి మించి చార్టర్లకి పోకూడదని పరిమితి ఉంది. ఆ పరిమితి సడలించాలని 2016లో ఓటింగ్ పెడితే 62 శాతం మంది వద్దన్నారు. మార్ల్‌బరోలోని అడ్వాన్స్‌డ్ మ్యాథ్ అండ్ సైన్స్ అకాడమీ మన గ్రూపుల్లో తరచూ వినపడే పేరు. దానికి అప్లై చేసేముందు మీ ఊరు దాని ప్రాధాన్య ఊళ్లలో ఉందో లేదో చూసుకోండి: మార్ల్‌బరో, హడ్సన్, మేనార్డ్, క్లింటన్.

నార్త్ కరోలినాలో కౌంటీ ఇచ్చే స్థానిక డబ్బులో తలవాటా చార్టర్‌కి వెళ్తుంది. కానీ అక్కడ చార్టర్ స్కూలు భోజనం పెట్టాలని గానీ, పెద్ద స్థాయిలో బస్సులు నడపాలని గానీ లేదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే కేరీ, మోరిస్‌విల్ ఇళ్లలో ఈ ఒక్క విషయమే ఎంపికని తేల్చేస్తుంది. మిషిగన్‌లో అయితే శరదృతువులో ఒక రోజు తలలు లెక్కపెడతారు, ఏడాది డబ్బులో ఎక్కువ భాగం ఆ లెక్క మీదే ఆధారపడుతుంది. నోవై, ట్రాయ్ వైపు ఉండి చార్టర్ నచ్చక నవంబరులో వెనక్కి వస్తే, ఆ రోజు డిస్ట్రిక్ట్ లెక్కలో మీ పిల్ల లేనట్టే.

ఇంతకీ పరిశోధనలు ఏమంటున్నాయి?

ఒక మాట మీద లేవు. దానికి కారణం పైనే ఉంది: రాష్ట్రాల రూల్సే వేరు. నార్త్ కరోలినాలో హెలెన్ లాడ్, జాన్ సింగిల్టన్ చేసిన అధ్యయనంలో డర్హమ్ డిస్ట్రిక్ట్‌లో మిగిలిన ఒక్కో పిల్ల మీద 500 నుంచి 700 డాలర్ల భారం తేలింది. మసాచుసెట్స్‌లో రిడ్లీ, టెరియర్ చేసిన అధ్యయనంలో మాత్రం మిగిలిన పిల్లల తలసరి ఖర్చు కాస్త పెరిగింది, డబ్బు ఆఫీసు పనుల నుంచి క్లాసు వైపు జరిగింది. తిరిగి చెల్లింపు ఉన్న చోటా లేని చోటా ఒకే ఫలితం రాకపోవడంలో వింతేమీ లేదు. ఎవరైనా ఒక్క అధ్యయనం లింకు పంపి "చూశారా" అంటే అది ఏ రాష్ట్రానిదో చూడండి చాలు.

చదువు విషయానికొస్తే, స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో కేంద్రం 2023లో ఇచ్చిన దేశవ్యాప్త నివేదికలో చార్టర్ పిల్లలు సగటున చదవడంలో 16 రోజుల చదువంత, లెక్కల్లో 6 రోజులంత ముందున్నారు. పెద్ద నగరాల్లోని పేద నల్లజాతి, హిస్పానిక్ పిల్లల్లో ఈ మేలు బాగా కనిపించింది. ఆన్‌లైన్ చార్టర్లలో లెక్క తిరగబడింది: చదవడంలో 58 రోజులు, లెక్కల్లో 124 రోజులు వెనక. ఆరు రోజుల తేడా కోసం రోజూ నలభై నిమిషాలు కారు నడపాలా అన్నది మీ ఇష్టం. 124 రోజుల వెనకబాటు గురించి మాత్రం ఆలోచించడానికి ఏమీ లేదు.

నన్నడిగితే

మంచి సబర్బన్ డిస్ట్రిక్ట్‌లో ఇల్లు కొనుక్కుని, బడి నడిచి వెళ్లే దూరంలో ఉండి, రేటింగ్‌లో ఒక్క అంకె కోసమో, అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఇద్దరు వెళ్తున్నారనో చార్టర్‌కి మారడం నాకు దండగ పనిగా కనిపిస్తుంది. ఆ ఇంటి ధరలో స్కూలు ధర ఎప్పుడో కట్టేశాం. డిస్ట్రిక్ట్ హైస్కూల్లో ఉండే ఏపీ (కాలేజీ స్థాయి) కోర్సుల సంఖ్య, రోబోటిక్స్, మార్చింగ్ బ్యాండ్, డిబేట్ చిన్న చార్టర్‌లో దొరకడం కష్టం. ఎలిమెంటరీలో చార్టర్ గొప్పగా అనిపించి తొమ్మిదో తరగతికి తిరిగి వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, అప్పటికి ఇక్కడి గిఫ్టెడ్, అడ్వాన్స్‌డ్ మ్యాథ్ వరసలో పిల్ల స్థానం పోయి ఉంటుంది.

అద్దెకుండి, జోన్‌లో వచ్చిన స్కూలు నిజంగా బాగా లేకపోతే, లేదా పిల్లకి అక్కడ ఏడుపు తప్ప ఏమీ లేకపోతే చార్టర్‌కి వెళ్లండి. డిస్ట్రిక్ట్ నష్టపోతుందని మీ బిడ్డని బలిపెట్టమని ఎవరూ అడగలేరు, నేనూ అడగను. ఏడు లక్షల డాలర్ల ఇల్లు కొని కాపెల్‌కో ఫ్రిస్కోకో మారిపోయే కుటుంబం కూడా పాత డిస్ట్రిక్ట్ నుంచి డబ్బు తీసుకెళ్తూనే ఉంది. దాన్ని మనం ఎంపిక అంటాం, లాటరీ ద్వారా వెళ్లే పేదింటి అమ్మ చేస్తే ద్రోహం అంటాం. ఈ రెండు నాలుకల ధోరణి నాకు మింగుడు పడదు.

పిల్లకి ఐఈపీ (స్పెషల్ ఎడ్ పిల్లలకి రాసిచ్చే సొంత చదువు ప్రణాళిక) ఉంటే మాత్రం ఆచితూచి అడుగేయండి. చట్టప్రకారం చార్టర్ కూడా సేవలు ఇచ్చి తీరాలి. కానీ స్పీచ్ థెరపిస్ట్ సొంత ఉద్యోగా, వారానికోసారి వచ్చే కాంట్రాక్టరా, గత ఏడాది ఎంతమంది స్పెషల్ ఎడ్ పిల్లలు మధ్యలో మానేశారు అని మొహమాటం లేకుండా అడగండి. పెద్ద డిస్ట్రిక్ట్‌కి ఈ విషయంలో ఉన్న బలగం చిన్న స్కూలుకి ఉండదు. టెక్సస్‌లో ఇంకో సంగతి: గతంలో క్రమశిక్షణ చర్యలున్న పిల్లని చేర్చుకోబోమని చార్టర్ ముందే రాసుకోవచ్చు. డిస్ట్రిక్ట్‌కి ఆ వెసులుబాటు లేదు.

ఈ రెండిటి మధ్య జనం మర్చిపోయే మూడో దారి డిస్ట్రిక్ట్ సొంత మ్యాగ్నెట్ స్కూళ్లు (సైన్సో, కళలో ఒక విషయం మీద ప్రత్యేకంగా నడిపేవి), ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్) ప్రోగ్రాములు, స్కూలు నుంచి స్కూలుకి ట్రాన్స్‌ఫర్. డబ్బు అదే డిస్ట్రిక్ట్‌లో ఉంటుంది, పిల్లకి కావలసిన మార్పూ దొరుకుతుంది. పిల్లలు తగ్గిన డిస్ట్రిక్టులు ఈమధ్య పక్క ఊళ్ల పిల్లల్ని కూడా రమ్మంటున్నాయి. చార్టర్ అప్లికేషన్‌తో పాటు దీనికీ పెట్టండి, గడువులు ఇంచుమించు ఒకే నెలల్లో ఉంటాయి.

చార్టర్‌లో "ఫ్రీ" అన్నది కూడా ఒకసారి తరచి చూడండి. యూనిఫాం, బస్సు లేకపోతే పెట్రోలు, ఆఫ్టర్ స్కూల్, టీచర్ల నిధికి ఏటా విరాళం. విరాళం తప్పనిసరి చేయకూడదు, కానీ మొదటి మీటింగులోనే అడిగే స్కూళ్లున్నాయి. మొహమాటానికి ఇచ్చేస్తాం కదా. ఇవన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద వేసుకోండి.

డిస్ట్రిక్ట్‌లోనే ఉండేవాళ్లూ డబ్బు పోగొడతారు

ఇది మనకే ప్రత్యేకం. టెక్సస్, కాలిఫోర్నియాల్లో డబ్బు చేరిన పిల్లల లెక్కన కాకుండా హాజరు లెక్కన వస్తుంది. డిసెంబరు సెలవులకి ముందో వెనకో రెండు మూడు వారాలు కలుపుకుని ఇండియా వెళ్తాం, టికెట్ తక్కువ వస్తుందని. 6,215 డాలర్లని 175 రోజులకి భాగిస్తే రోజుకి 35 డాలర్ల పైమాట. పదిహేను రోజులు ఎగ్గొడితే 530 డాలర్లకి పైనే, ఇద్దరు పిల్లలైతే రెట్టింపు. మనవాళ్లు ఎక్కువున్న స్కూల్లో ఇద్దరేసి పిల్లలున్న యాభై కుటుంబాలు ఇలా చేస్తే 53 వేల డాలర్లకి పైనే, పైన చెప్పిన చార్టర్ లెక్కలో దాదాపు ఐదో వంతు. పెళ్లిళ్లు, పెద్దవాళ్ల ఆరోగ్యం తప్పనివి, ఒప్పుకుంటాను. కాలిఫోర్నియాలో ఉంటే బయల్దేరే ముందే స్కూలు ఆఫీసుకెళ్లి ఇండిపెండెంట్ స్టడీ ఒప్పందం మీద సంతకం పెట్టండి. పిల్ల ఇచ్చిన పని చేసి తెస్తే హాజరు నిలబడుతుంది, స్కూలు డబ్బూ నిలబడుతుంది.

హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకి బోర్డు ఎన్నికల్లో, బాండ్ ఎన్నికల్లో దాదాపు ఎక్కడా ఓటు లేదు. పన్ను మాత్రం పూర్తిగా కడుతున్నారు. బోర్డు మీటింగులో మైకు దగ్గర మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు, పేరు ముందుగా రాయించుకుంటే చాలు. స్కూలు మూసే ప్రతిపాదన వచ్చాక పిటిషన్ సంతకాలకి పరిగెత్తే బదులు, బడ్జెట్ చర్చ జరిగే వసంతకాలంలోనే వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: వచ్చే ఏడాది ఎంతమంది పిల్లలు తగ్గుతారని అంచనా వేశారు, ఆ తగ్గుదలలో చార్టర్ల వల్ల ఎంత, పుట్టుకలూ ఇళ్లూ తగ్గినందువల్ల ఎంత. పెద్ద డిస్ట్రిక్టులు ఇలాంటి జనాభా అంచనాలు ముందే చేయించుకుంటాయి, అడిగితే చూపిస్తాయి.

చార్టర్ సీటు ఖాయం చేసుకున్నవాళ్లు ఒక పని చేయండి. ఆగస్టులో మొదటి రోజు పిల్ల రాకపోతేనే పాత స్కూలుకి తెలిసేలా చేయకండి. టీచర్ల లెక్క ఏప్రిల్, మే నెలల్లోనే వేసుకుంటారు. అప్పుడే ఆఫీసులో విత్‌డ్రాయల్ మాట చెబితే ఆ సెక్షన్‌ని అప్పుడే సర్దుకుంటారు. లేకపోతే సెప్టెంబరులో సెక్షన్లు కలిపి, అప్పటికే టీచర్‌కి అలవాటు పడ్డ పిల్లల్ని వేరే గదికి మారుస్తారు. ఒకవేళ మీరే మనసు మార్చుకున్నా డిస్ట్రిక్ట్ మిమ్మల్ని వద్దనలేదు కాబట్టి ముందే చెప్పినందుకు మీకు పోయేదేమీ లేదు.